తీతువు ఉసురు

ఈ పిట్టను గుర్తుపట్టడం పెద్ద విద్యేమీ కాదు. పావురమంత ఉంటుంది. తలమీద సన్నటి కుచ్చు వెనక్కి సాగి, కొసన పైకి వంగి ఉంటుంది. దూరం నుంచి చూస్తే ఒళ్లంతా నలుపూ తెలుపే అనిపిస్తుంది గానీ ఎండ పడ్డప్పుడు చూడాలి. వీపు నలుపు కాదు, ముదురు ఆకుపచ్చ. రెక్క మొదట్లో వంకాయరంగు మెరుస్తుంది. రొమ్ముకి అడ్డంగా నల్ల పట్టీ, దానికింద తెల్లటి పొట్ట, తోక కింద ఇటుకరంగు. తడి నేలల్లో, తుంగ మొలిచిన పొలాల్లో తిరుగుతుంది. ఇక్కడివాళ్లు లాప్‌వింగ్ అంటారు. మన తీతువుకి వరసకి చెల్లెలవుతుంది.

ఇదంతా నేను కడుపుతో ఉన్నప్పుడు నేర్చుకున్నాను. ఆ బిడ్డ బతికి పుట్టలేదు. ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచిపెట్టి అప్పుడు చెప్పి ఏడిపించే ఓపిక నాకు లేదు. నేను నర్సుని, ఉన్న సంగతి ముందు చెప్పడం నాకు అలవాటు.

మేం ఐర్లాండులో ములింగార్ ఊరి చివర అద్దెకుంటున్నాం. నాకు ఇక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం. మా ఆయనది డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో సాఫ్ట్‌వేర్ పని. పొద్దున్నే రైలెక్కితే మళ్లీ చీకటిపడ్డాకే ఇంటికి. ఇంటి వెనక అడ్డగోడ, గోడ అవతల చిత్తడి పొలం. వానాకాలం అని వేరే లేదు కదా ఈ దేశంలో, ఏడాది పొడుగునా ఆ పొలంలో ఎక్కడో ఒకచోట నీళ్లు నిలిచే ఉండేవి. పొలం దాటితే సరస్సు. ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు మా ఆయన ఆ వెనక కిటికీ దగ్గర నిలబడి, ‘బిడ్డకి ఆకాశం బాగా కనిపిస్తుంది’ అన్నాడు. ఆ మాటకే లీజు మీద సంతకం పెట్టాం.

పురుడు పోయడానికి అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. కారప్పొడి, సున్నుండలు, బాలింత మందు, పాత చీరలు చింపి ఉతికిన మెత్తటి గుడ్డలు, అన్నీ మోసుకొచ్చింది. వచ్చిన మర్నాడు వంటింట్లో సామాన్లు సర్దుతుంటే, ‘పప్పు ఆ ప్రెస్‌లో పెట్టమ్మా’ అన్నాను. ఇక్కడ అల్మారాని ప్రెస్ అంటారు, నా నోటికీ అదే అలవాటైంది.

‘ఇస్త్రీ చేసి వండుతారా ఏంటే ఇక్కడ?’ అంది అమ్మ. ఇద్దరం నవ్వాం. నా పొట్ట పట్టుకుని మరీ నవ్వాను. సరిగ్గా అప్పుడే వెనక పొలంలోంచి కూత వినిపించింది. తీ... తువ్. తీ... తువ్. కిర్రుమని మొదలై పైకి లేచే కూత.

అమ్మ చేతిలో పప్పు డబ్బా అలాగే ఉండిపోయింది. ‘అదేంటే?’

‘ఏదో పిట్టలే అమ్మా.’

‘ఏదో పిట్ట కాదు. తీతువు. నా చెవులు చెడలేదు.’

తీతువంటే ఏమిటో మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఇంటి మీదుగా కూస్తూ పోతే ఆ ఇంట్లో ఎవరో పోతారంటారు. మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబం. శకునాలు నమ్మడం పాపమని సండే స్కూల్లో పిల్లలకి పాఠం చెప్పింది కూడా మా అమ్మే. అయినా మా తాతయ్య పోయిన రోజు పొద్దున తీతువు కూసిందని ఆవిడే వందసార్లు చెప్పుంటుంది. ఏమన్నా అంటే, ‘నేను నమ్మనే. కానీ కూసిందా లేదా?’ అంటుంది.

ఆ రోజు నమ్మని మనిషి ఏం చేసిందో చెప్తాను. వెనక తలుపు తీసుకుని తోటలోకి వెళ్లి, కొంగు నెత్తిమీద కప్పుకుని, చెయ్యెత్తి ఆ పొలం వైపు చూపిస్తూ గట్టిగా ప్రార్థన మొదలుపెట్టింది. ‘యేసు నామంలో గద్దిస్తున్నాను, పో! ఈ ఇంటి మీద నీకు అధికారం లేదు, పో!’ పిట్ట గాల్లో గిరికీలు కొడుతూనే ఉంది. దాని రెక్కలు వెడల్పుగా, కొసలు గుండ్రంగా చేటల్లా ఉంటాయి. ఎగురుతూ ఎగురుతూ ఒక్కసారిగా పక్కకి ఒరిగి, రాలిపోతున్నట్టు కిందికి పడి, నేల తాకే ముందు మళ్లీ లేస్తుంది. అది జత కోసం చేసే ఆట. అమ్మ మాత్రం తన ప్రార్థనకే అది పడిపోతోందనుకుని ఇంకాస్త గొంతు పెంచింది.

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. ‘అమ్మా, లోపలికి రా. పక్కింటివాళ్లు గార్డులకి ఫోన్ చేస్తారు’ అన్నాను. గార్డులంటే ఇక్కడి పోలీసులు.

పక్కింట్లో ఒక పెద్దావిడ ఒక్కతే ఉండేది. ఆవిడ ఫోనేమీ చెయ్యలేదు. గోడ మీంచి తొంగి చూసి, మీ అమ్మగారు బాగానే ఉన్నారా అని అడిగింది. పిట్టంటే భయమని చెప్పలేక, పిట్టల్ని చూస్తోందన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. తన చిన్నప్పుడు ఆ పొలం నిండా ఈ పిట్టలుండేవట. గుంపు లేస్తే సరస్సు మీద నల్లగా తెల్లగా మబ్బు కదిలినట్టుండేదట. ఇప్పుడు ఈ ఒక్క జంటే మిగిలిందని, లోపలికెళ్లి తన బైనాక్యులర్స్ తెచ్చి నా చేతిలో పెట్టింది. ‘గ్రాండ్, ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు ఉంచుకో’ అంది. ఇక్కడ ‘బాగుంది, సరే’ అనడానికి గ్రాండ్ అంటారు.

దాంతో నాకో ఉపాయం తట్టింది. ఇది తీతువు కాదని రుజువు చేసేస్తే గొడవ వదిలిపోతుంది కదా. నాలుగు రోజులు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని చూశాను. నాలుగడుగులు పరిగెడుతుంది, టక్కున ఆగుతుంది, ముందుకి వంగి నేలలోంచి పురుగు లాగుతుంది. ఒక్కోసారి ఒంటికాలితో నేలని గబగబా తడుతుంది, పురుగులు కదులుతాయని కాబోలు. ముక్కు పొట్టి. కాళ్లు మాసిన ఎరుపు. అన్నీ చూసుకుని అమ్మని కూచోబెట్టి బైనాక్యులర్స్ కళ్లకి పెట్టాను.

‘చూడు. మన తీతువుకి కంటి ముందు ఎర్ర తోలు ఉంటుందా? దీనికుందా? లేదు. మనదానికి పచ్చటి కాళ్లు, దీనికి కావు. మనదానికి తలమీద కుచ్చు లేదు, దీనికుంది. ఇంకేం కావాలి నీకు? ఇది వేరే పిట్టమ్మా.’

అమ్మ చాలాసేపు చూసింది. తర్వాత బైనాక్యులర్స్ దించి, నన్ను పాఠం రాని పిల్లని చూసినట్టు చూసింది. ‘ఇక్కడ మనుషులు తెల్లగా లేరూ? అంత మాత్రాన మనుషులు కాకుండా పోయారా? ఐర్లాండు తీతువు ఐర్లాండు రంగులో ఉంటుంది.’

మా ఆయన ఆ రాత్రి అన్నం తింటూ ఈ మాట విని పొలమారేలా నవ్వాడు. ‘అత్తయ్యగారితో నువ్వు గెలవలేవు, ఊరుకో’ అన్నాడు.

నేను ఊరుకున్నాను, అమ్మ ఊరుకోలేదు. నేను డ్యూటీకి వెళ్లగానే, అల్లుడి కోటు వేసుకుని, రబ్బరు బూట్లు తొడుక్కుని, చీర పైకి దోపుకుని గోడ పక్క సందులోంచి పొలంలోకి దిగేది. స్టీలు పళ్లెం మీద గరిటెతో టంగు టంగుమని కొడుతూ పిట్టల్ని తరిమేది. అవి పారిపోవడం మాట అటుంచి, అరుచుకుంటూ ఆవిడ నెత్తిమీదకే దూసుకొచ్చేవి. ఈ సంగతి నాకు పక్కింటావిడ చెప్పేదాకా తెలియదు. ఆవిడ నాతో చెప్పడానికి ముందే అమ్మ చెయ్యి పట్టుకుని, పొలం గట్టున కూచోబెట్టి, మాట్లాడకుండా ఒక్కచోట కదలకుండా ఉండమని సైగ చేసిందట. ఈవిడకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు. ఇద్దరు ముసలమ్మలు చలిలో అలా కూచున్నారు. కాసేపటికి పిట్ట దిగి, అటూ ఇటూ చూసుకుని, నడుచుకుంటూ వచ్చి ఒకచోట సర్దుకుని కూచుంది.

నేను ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. ‘గుడ్ల మీద కూచుందే! నాలుగు గుడ్లు. గూడూ లేదు పాడూ లేదు, ఉత్త నేల మీద పెట్టింది పిచ్చిముండ. అందుకే అలా గోల పెడుతోంది. పిల్లల కోసమే.’ కళ్లనిండా నీళ్లు. ‘నేనేమో శకునం అనుకున్నాను. అది కూడా నాలాగే కాపలా కాస్తోందే.’

ఆ రోజు నుంచి మా ఇంట్లో తీతువు తీతువు కాదు, ‘మన బాలింత’ అయిపోయింది. రాత్రి ప్రార్థనలో నా బిడ్డ తర్వాత దాని గుడ్లని కూడా పేరుపెట్టి అప్పగించేది. నా పొట్ట మీద చెయ్యి వేసి, ‘అక్కడ నలుగురు, ఇక్కడ ఒకళ్లు, అయిదుగుర్నీ కాపాడు ప్రభువా’ అనేది. నేను పడుకుని వింటూ, ఇంతకంటే సుఖం ఏముంటుంది అనుకునేదాన్ని. నిజంగా అలాగే అనుకున్నాను.

ఇక్కడి కాకుల ఒళ్లు బూడిదరంగు, తలా రెక్కలూ నలుపు. గుడ్లు కనిపిస్తే వదలవు. అమ్మకి అవి ఎదురుపార్టీ అయ్యాయి. కాకి వాలితే చాలు, మళ్లీ పళ్లెం, మళ్లీ గరిటె. పక్కింటావిడ నాకు చెప్పింది, దగ్గరికి వెళ్లొద్దని మీ అమ్మకి చెప్పు, మనిషిని చూస్తే తల్లి గుడ్ల మీంచి లేచిపోతుంది, అదే అదనుగా కాకి వస్తుంది అని. నేను చెప్పాను. అమ్మ తలూపింది. కానీ కళ్లముందు కాకి దిగుతుంటే చేతులు కట్టుకుని కూచునే మనిషా? ఒకరోజు పొద్దున ఆవిడ ఒక కాకిని పొలం చివరిదాకా తరుముకుంటూ వెళ్లింది. పిట్టలు రెండూ లేచి ఆవిడ మీదా కాకి మీదా పడి అరుస్తున్నాయి. ఇంకో రెండు కాకులు వెనక నుంచి వచ్చాయి. అమ్మ తిరిగి చూసేసరికి అయిపోయింది.

ఆ పిట్టలు ఇంకో మూడు రోజులు ఆ చుట్టుపక్కలే తిరిగాయి. తర్వాత కనబడలేదు. అమ్మ పళ్లెం కడిగి ప్రెస్‌లో పెట్టేసింది. అన్నం సరిగ్గా తినేది కాదు. ‘పిట్ట గుడ్లమ్మా, మళ్లీ పెట్టుకుంటుంది’ అన్నాను.

మే నెల మధ్యలో నా బిడ్డ కదలడం ఆగిపోయింది.

ఆసుపత్రిలో ఆ గదుల గురించి ఎక్కువ రాయను. నేను పనిచేసే ఆసుపత్రే. నాకు తెలిసిన మొహాలే. స్కాన్ చేసే అమ్మాయి తెరని తన వైపు తిప్పుకున్నప్పుడే నాకు అర్థమైపోయింది. నేను కూడా ఎందరి దగ్గరో అలాగే మొహం తిప్పుకున్నదాన్నే. నొప్పులు వచ్చే మందిచ్చారు. బతికున్న బిడ్డని కన్నట్టే కన్నాను. అదే నొప్పి, అదే కేక, చివర్లో ఏడుపు మాత్రం లేదు. ఆడపిల్ల. జుట్టు నల్లగా ఒత్తుగా ఉంది. గోళ్లు కూడా ఉన్నాయి. దేవుడా, గోళ్లతో సహా అన్నీ చేసి ఊపిరి ఒక్కటి మర్చిపోయావా అని అరిచాను. మా ఆయన నా నోరు మూయలేదు, తను కూడా ఏడ్చాడు.

అమ్మ మాత్రం ఏడవలేదు. తను తెచ్చిన మెత్తటి గుడ్డల్లో మనవరాల్ని చుట్టి, ఒళ్లో పెట్టుకుని, ‘నన్ను మన్నించు తల్లీ, నన్ను మన్నించు’ అని అదే మాట అంటూ కూచుంది. పెద్దవాళ్లు అలా అంటారులే అనుకున్నాను. బిడ్డని సమాధి చేసి ఇంటికొచ్చాక, వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడి చెప్పింది.

‘దాని ఉసురు తగిలిందే. నేనే పోసుకున్నాను. మొదట యేసు నామంలో శపించాను. తర్వాత గుడ్ల మీంచి లేపి కాకులకి అప్పజెప్పాను. ఊరికే పోతుందా? తల్లి ఉసురు.’

పాలు వచ్చి రొమ్ములు రాళ్లలా ఉన్నాయి, తాగే నోరు లేదు. ఆ స్థితిలో నేను గిన్నెలు విసిరికొట్టి, ‘పిట్టకి మన సంగతి ఏం తెలుసమ్మా! మాయ సరిగ్గా ఎదగలేదన్నారు, వినలేదా? మాయ! ఉసురూ లేదు గిసురూ లేదు!’ అని అరిచాను.

‘ఎందుకు ఎదగలేదటే?’ అని అడిగింది అమ్మ. చాలా మెల్లిగా అడిగింది.

ఎందుకో తెలియదన్నారు. డాక్టర్లు నిజాయితీగానే చెప్పారు. చాలాసార్లు కారణం దొరకదు, మీరు చేసిందేమీ లేదు, చేయాల్సింది మానిందీ లేదు అన్నారు. ఆ మాట నేను కూడా అలాగే చెప్పాను. అమ్మ తలూపింది. కారణం తెలియదని వాళ్లు ఖాళీగా వదిలేసిన చోట అమ్మ ఉసురు అనే ఒక్క మాట పెట్టుకుంది. ఆ మాటని తీసేసి అక్కడ పెట్టడానికి నా చదువులో ఏమీ లేదు. పైగా ఒక్కోసారి నాకు అమ్మ మీద అసూయ కలిగేది. ఆవిడకి కారణమనుకోవడానికి కనీసం ఒక పిట్ట ఉంది. నేను ఎవర్ని అడగను?

అమ్మ వెళ్లిపోయింది. ఎయిర్‌పోర్టులో నా తల నిమిరింది గానీ కళ్లలోకి చూడలేదు. ఇంటికెళ్లాక కూడా అంతే. చర్చికి వెళ్లడం మానేసిందని నాన్న చెప్పాడు. ఎందుకని అడిగితే, ఎవరన్నా కడుపుతో ఉన్నవాళ్లు ఎదురుపడతారు, నా నీడ పడకూడదు అందట. సండే స్కూలు పిల్లల్ని ముద్దు చెయ్యకుండా ఉండలేని మనిషి ఇంట్లో తలుపులు వేసుకుని కూచుంది. నా బిడ్డ పోయింది, దాంతో పాటు మా అమ్మ కూడా పోయింది. ఫోన్‌లో గొంతు మాత్రం మిగిలింది. ఆ గొంతు రోజూ అదే అడిగేది, ‘తిన్నావా?’ అని.

ఆ శీతాకాలం వెనక పొలంలో మట్టి తవ్వే డిగ్గర్ దిగింది. లోతుగా కాలవలు తవ్వి, నీళ్లు సరస్సులోకి మళ్లించారు. తుంగంతా పీకేశారు. వసంతం వచ్చేసరికి పొలం ఆరిపోయి, బల్లపరుపుగా, చక్కటి పచ్చగడ్డితో ఉంది. పక్కింటావిడ గోడ దగ్గర నిలబడి చూస్తూ, ఆ పిట్టలు ఇంక రావు అంది. పొడి నేలలో వాటికి తిండి లేదు, గుడ్లు పెట్టడానికి చోటు లేదు అంది. నేను ఆవిడ బైనాక్యులర్స్ తిరిగి ఇవ్వబోయాను. ఆవిడ తీసుకోలేదు, ఇంక నాకెందుకు అంది.

మార్చి పోయింది. ఏప్రిల్ పోయింది. ఆ కూత వస్తే చెవులు మూసుకోవాలని నేను అనుకున్న రోజులున్నాయి. రాకపోతే ఇంకా ఘోరంగా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి వినేదాన్ని. ట్రాక్టరు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

మేలో ఒక ఆదివారం సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. తిన్నావా అని అడగలేదు. ‘అది మళ్లీ వచ్చిందా?’ అంది.

ఏది అని అడగక్కర్లేదు. ఏడాదంతా ఆ ప్రశ్న నోట్లో పెట్టుకునే తిన్నావా అని అడుగుతోందని అప్పుడు తెలిసింది. మా ఆయన సోఫాలో కూచుని ఉన్నాడు. నేను కిటికీ దగ్గరున్నాను. అవతల ఆ చక్కటి పచ్చటి పొలం.

‘వచ్చిందమ్మా’ అన్నాను.

‘గుడ్లు పెట్టిందా?’

‘పెట్టింది. పొదిగింది కూడా. పిల్లలైపోయాయి. నాలుగు.’

‘నాలుగూనా? నీ కళ్లతో చూశావా? ఎలా ఉన్నాయే?’

పిల్లల్ని నేను ఎప్పుడూ చూడలేదు. అవి ఎలా ఉంటాయో తర్వాత చదివాను, అంతే. చదివిందంతా చెప్పాను. ‘ఒళ్లంతా మట్టిరంగు మచ్చలమ్మా. కదలకుండా కూచుంటే నేలకీ వాటికీ తేడా తెలీదు. మెడ వెనక తెల్ల పట్టీ ఉంటుంది, దాన్ని బట్టే గుర్తుపట్టాలి. కుచ్చు ఇంకా రాలేదు. పుట్టిన రోజే నడిచేశాయి. చలేస్తే నలుగురూ వెళ్లి తల్లి పొట్టకింద దూరతారు. అప్పుడు దానికి బోలెడు కాళ్లున్నట్టుంటుంది, నవ్వొస్తుంది చూస్తే.’

అమ్మ నవ్వింది. చిన్నగా, తడిగా, కానీ నవ్వింది. ‘స్తోత్రం ప్రభువా, స్తోత్రం’ అంది. తర్వాత ఏడ్చింది. మనవరాలు పోయిన రోజు రాని ఏడుపంతా అప్పుడు వచ్చింది. ‘అయితే మన్నించిందే. నీకింకేం భయం లేదు తల్లీ. వచ్చే ఆదివారం చర్చికెళ్తాను. అందరి ముందూ సాక్ష్యం చెప్తాను’ అంది.

ఫోన్ పెట్టేశాక మా ఆయన లేచి వచ్చి పక్కన నిలబడ్డాడు. అబద్ధం ఎందుకు చెప్పావని అడగలేదు.

‘రేపు మళ్లీ అడుగుతారు. ఏం చెప్తావు?’ అన్నాడు.

‘పెరుగుతున్నాయని చెప్తాను’ అన్నాను.